పుణె నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం, ఫ్లాట్ కొనాలి: టోకెన్ వేసేముందు ఏమేం చూసుకోవాలి?

వలసబాట
అందరికీ నమస్కారం. జూలైలో ఆఫీసు గచ్చిబౌలికి మారుతోంది. పుణెలో ఉన్న ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. బాచుపల్లి వైపు ఒక రీసేల్ ఫ్లాట్ వీడియో కాల్‌లో చూశాం. 1,500 ఎస్‌ఎఫ్‌టీ, నాలుగో అంతస్తు, ఏడేళ్ల పాతది, ధర 90 లక్షలు. ఓనరు అమెరికాలో ఉంటారట, చూపించింది వాళ్ల తమ్ముడు. శనివారంలోగా రెండు లక్షలు టోకెన్ వేస్తే వేరేవాళ్లకు చూపించం అంటున్నారు. చేతిలో మొత్తం ఎంత ఉండాలి, ఏ కాగితాలు అడగాలి, ముందు అద్దెకు దిగడమే మంచిదా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

కాగితంకట్ట
వలసబాట గారూ, శనివారం గడువును పక్కన పెట్టేయండి. కాగితాల జిరాక్సులు చేతికి రాకముందే ఇచ్చే టోకెన్‌కు రక్షణ ఉండదు. వెనక్కి ఇచ్చే షరతు రాతలో లేకపోతే తర్వాత అడగడానికి మీ దగ్గర ఆధారమూ ఉండదు.

వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు తడబడేది ముఖ్యంగా కాగితాల పేర్ల దగ్గర. పుణెలో సొసైటీ షేర్ సర్టిఫికెట్, ఇండెక్స్ టూ చూసే అలవాటు ఉంటుంది. బెంగళూరు వాళ్లు ఖాతా ఏదని అడుగుతారు. ఇక్కడ అవి ఉండవు. తెలంగాణలో ఫ్లాటంటే రిజిస్టరైన సేల్ డీడ్, అందులో స్థలంలో మీ వాటాకు వచ్చే అన్‌డివైడెడ్ షేర్ (యూడీఎస్), దాని వెనక లింక్ డాక్యుమెంట్లు. మున్సిపాలిటీ ఇంటిపన్నుకు ఇచ్చే పీటీఐఎన్ నంబరు పన్ను లెక్క కోసమే. అది యాజమాన్యానికి రుజువు కాదు. కరెంటు బిల్లు కూడా అంతే.

అడగాల్సినవి: ఓనరు పేరున ఉన్న సేల్ డీడ్, స్థలం యజమాని నుంచి బిల్డరు వరకు ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు, స్థల యజమాని బిల్డరుకు రాసిచ్చిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), దాంతోపాటు ఏ ఫ్లాట్లు ఎవరివో పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), తాజా ఇంటిపన్ను రసీదు, అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటరు, లోను ఉంటే బ్యాంకు ఇచ్చే ఫోర్‌క్లోజర్ లెటరు, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల జాబితా.

ఆ సప్లిమెంటరీ అగ్రిమెంటును చాలామంది అసలు అడగరు. అందులో మీరు చూసిన ఫ్లాటు స్థల యజమాని వాటా అని ఉండి, ఓనరుకు వచ్చిన సేల్ డీడ్‌లో బిల్డరు ఒక్కడే సొంత హక్కుతో సంతకం పెట్టి ఉంటే టైటిల్‌లో లొసుగు అక్కడే మొదలైనట్టు.

ఆఖరిగా ఒకటి. ఫ్లాటుకు అగ్రికల్చర్ భూముల పోర్టల్ భూభారతిలో వెతికితే దొరకదు. కింది భూమి ఒకప్పుడు పట్టా భూమి అయితే దాన్ని వ్యవసాయేతరంగా మార్చిన ఉత్తర్వు ఉందో లేదో మాత్రం చూసుకోండి. సర్వే నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఏ, తప్పకుండా వెతకండి.

అప్పులెక్క
డబ్బు సంగతి నేను చెప్తాను.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లోను 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్యైతే 80 శాతం, 75 దాటితే 75 శాతం. మీకు 90 లక్షల మీద గరిష్ఠంగా 72 లక్షలు వస్తుంది. ఇక్కడ "విలువ" అంటే మీరు ఒప్పుకున్న ధర కాదు. బ్యాంకు వాల్యుయేటరు 84 లక్షలే అని రాస్తే లోను 67.2 లక్షలకు దిగిపోతుంది. ఆ 4.8 లక్షలు మీ జేబులోంచే పోవాలి. ఏడేళ్ల బిల్డింగులకు ఇలా తగ్గించడం మామూలే.

రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. తెలంగాణలో ఇప్పుడు స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. 90 లక్షల మీద 6.75 లక్షలు. రీసేల్ కాబట్టి జీఎస్టీ లేదు. కడుతున్న ఫ్లాటైతే 5 శాతం పడేది.

అంటే లోను పూర్తిగా వచ్చినా 18 లక్షలు ప్లస్ 6.75, అంటే 24.75 లక్షలు సిద్ధంగా ఉండాలి. దానిపైన బ్రోకరు కమిషన్, లాయరు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్, టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసే మెమొరాండం ఖర్చు, ప్యాకర్లు, కొత్త ఊళ్లో అద్దె ఇంటి అడ్వాన్సు. బండి కూడా తెస్తుంటే, పన్నెండు నెలలు దాటితే ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. అదీ ఇదే ఏడాదిలో వచ్చి పడుతుంది. ఇవన్నీ పోను ఆరు నెలల ఈఎంఐ విడిగా ఉండాలి. 72 లక్షలకు 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ సుమారు 62,500.

పుణె ఫ్లాటు మీద లోను నడుస్తుంటే, అది క్లోజయ్యేదాకా ఆ ఈఎంఐని కూడా మీ అర్హతలోంచి తీసేస్తారు. ఆ లోను తీర్చాక బ్యాంకు 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, ఆలస్యం చేస్తే రోజుకు 5,000 చొప్పున మీకు కట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నిబంధన ఉంది. పుణె కొనుగోలుదారుకు తేదీ ఇచ్చేటప్పుడు ఆ 30 రోజులు కలిపి చెప్పండి.

కంపెనీ అదే, ఊరు మాత్రమే మారుతోందా, లేక కొత్త ఉద్యోగమా? కొత్తదైతే ప్రొబేషన్‌లో ఉండగా చాలా బ్యాంకులు వెనకాడతాయి. బదిలీ అయితే ట్రాన్స్‌ఫర్ లెటరు, ఆర్నెల్ల జీతం స్లిప్పులు పెట్టి ముందే ప్రీ-శాంక్షన్ తీసుకోండి.

నీటిచుక్క
కాగితాలు సరే. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అసోసియేషన్‌ను జలమండలి క్యాన్ నంబరు, అంటే నీటి కనెక్షన్ నంబరు, అడగండి. అది లేకపోతే బిల్డింగు మొత్తం బోరు మీదా ట్యాంకర్ల మీదా నడుస్తోందని అర్థం. ఉన్నా సరిపోతోందా అన్నది వేరే ప్రశ్న. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ జమాఖర్చుల పుస్తకం ఫొటో అడగండి, ట్యాంకర్ల పద్దు అందులో ఉంటుంది. డిసెంబరు పుస్తకం పంపిస్తే లాభం లేదు. అప్పుడు ఏ బోరైనా పోస్తుంది.

ఇక విస్తీర్ణం. పుణెలో కార్పెట్ ఏరియా చెప్పడం అలవాటు. ఇక్కడ రీసేల్‌లో 1,500 అన్నారంటే దాదాపు ఎప్పుడూ సూపర్ బిల్టప్. గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా అన్నీ అందులోనే. లోపల టేపు పట్టి కొలిస్తే 1,050 వస్తే 90 లక్షలకు అడుగు 6,000 కాదు, 8,570 పడినట్టు. పుణె రేటుతో పోల్చాలంటే ఈ రెండో అంకెతోనే పోల్చాలి.

యూడీఎస్ కూడా ఇలాగే సరిచూడండి. ఇక్కడ చదరపు గజాల్లో రాస్తారు. స్థలం 1,000 గజాలు, ఇరవై సమానమైన ఫ్లాట్లు ఉంటే ఒక్కొక్కరికి 50 గజాలు. రోడ్డు వెడల్పుకు 80 గజాలు పోయి ఉంటే మిగిలింది 920, అంటే 46. డీడ్‌లో ఇంకా 50 అనే ఉంటే లేని భూమి రాసినట్టు.

వీడియో కాల్‌లో చూసినదాన్ని చూసినట్టు లెక్కేయకండి. గేటు దగ్గర మొదలుపెట్టి ఆపకుండా ఒకే వీడియో తీయమనండి. రోడ్డు, సెల్లారు, పార్కింగ్ నంబరు, లిఫ్టు, ఫ్లాటు తలుపు, ప్రతి బాత్రూమ్ సీలింగు, కుళాయి తిప్పి నీటి ధార, కిటికీలోంచి పక్క బిల్డింగు దూరం. బాత్రూమ్ పైన ఫాల్స్ సీలింగు కొత్తగా వేసి ఉంటే పలక తీయించి చూడాలి. పై ఫ్లాటు నుంచి చెమ్మ దిగుతుంటే మరకలు అక్కడే కనబడతాయి.

గడపదాటి
ముందు అద్దెకు దిగండి, కనీసం ఒక వానాకాలం గడవనివ్వండి. మ్యాపులో మియాపూర్ మెట్రో దగ్గరగా కనిపిస్తుంది. కానీ మియాపూర్ లైను గచ్చిబౌలి వైపు వెళ్లదు. రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి లైను మారి వెనక్కి రావాలి. రోడ్డు మీద ఉదయం తొమ్మిదింటి ప్రయాణం ఎలా ఉంటుందో వారం రోజులు చేస్తేగానీ తెలియదు.

చెరువుల సంగతి కూడా చూసుకోవాలి. వానలకు ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉంటే కళ్లతో చూస్తారు. హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల సైట్లో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, మ్యాపులు ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ హద్దుల విషయంలో ఏమరుపాటు అసలు పనికిరాదు. బిల్డింగుకు పర్మిషన్ ఉందన్న ఒక్క మాటతో ఊరుకోకండి.

సెంటుభూమి
గడపదాటి గారితో పూర్తిగా ఏకీభవించలేను. పుణె ఫ్లాటు అమ్మిన డబ్బు ఏడాదిపాటు బ్యాంకులో పెట్టి అద్దె కడుతూ, రెండుసార్లు సామాను మార్చడం కూడా ఖర్చే. ఇంట్లో ఒకరికి ఈ ఊరు బాగా తెలిసి ఉండి, ఆఫీసు చోటు ఖాయమై ఉంటే నేరుగా కొనొచ్చు. కాకపోతే ముందు రెండు ట్రిప్పులు వేయాలి. మొదటిది మూడు పని రోజులు, ప్రాంతాల కోసం. రెండోది రెండు రోజులు, ఆ ఫ్లాటు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, లాయరు కోసం. రెండు ట్రిప్పులకు వీలు లేదంటే అప్పుడు అద్దే నయం.

వలసబాట
అందరికీ కృతజ్ఞతలు. టోకెన్ ఆపాను. కంపెనీ అదేనండి, బదిలీ మాత్రమే. తమ్ముడిగారు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఓసీ ఫొటోలు పంపారు. ఈసీలో 2017లో మున్సిపల్ కమిషనర్ పేరున ఒక మార్ట్‌గేజ్ ఉంది, అందులో 101, 102 ఫ్లాట్లు కనిపిస్తున్నాయి. మాది 402. ఇది సమస్యా? డబ్బు తమ్ముడిగారు తన అకౌంట్లోకే వేయమంటున్నారు, టీడీఎస్ ఒక శాతం పట్టుకోమన్నారు.

కాగితంకట్ట
ఆ మార్ట్‌గేజ్ చూసి కంగారుపడకండి. ఇక్కడ పర్మిషన్ ఇచ్చేటప్పుడు ప్లాను ప్రకారమే కడతారన్న హామీ కింద బిల్టప్ ఏరియాలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు, సాధారణంగా కింది అంతస్తుల్లో. ఓసీ ఇచ్చాక విడుదల చేస్తారు. మీది 402 కాబట్టి మీ ఫ్లాటుకు తగలదు. కానీ విడుదల డీడ్ ఈసీలో కనబడాలి. కనబడకపోతే ఆ ఓసీ ఫొటో నమ్మదగినదేనా అన్న అనుమానం వస్తుంది. ఓసీ మీదున్న ఫైలు నంబరు తీసుకెళ్లి మున్సిపల్ ఆఫీసులో సరిచూడండి. ఎన్ని అంతస్తులకు ఇచ్చారో కూడా చదవండి. స్టిల్ట్ (కింది పార్కింగ్ అంతస్తు) ప్లస్ నాలుగుకు ఓసీ ఉండి, బిల్డింగు ఐదుంటే పైది అక్రమం. రేపు దాని గొడవ అందరి మీదా పడుతుంది.

వాళ్లిచ్చిన ఈసీతో ఆగకండి, మీరే తీయండి. ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. మూడు రకాలుగా వెతకాలి: ఫ్లాటు నంబరుతో, పాత ఇంటి నంబరుతో, సర్వే నంబరుతో. ఫ్లాటు నంబరుతో మాత్రమే వెతికితే బిల్డింగు రాకముందు భూమి మీద జరిగినవేవీ కనబడవు.

ఈసీ చెప్పనివి కూడా తెలిసి ఉండాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వారసుల తగాదాలు, పన్ను బకాయిలు అందులో రావు. డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీలో ఉండదు. దానికి సెర్సాయ్ (ఆస్తుల తనఖాల కేంద్ర రిజిస్ట్రీ) సైట్లో ఫీజు కట్టి వెతకొచ్చు. ఓనరు, స్థల యజమాని, బిల్డరు, ముగ్గురి పేర్లతో ఈకోర్ట్స్‌లో కేసులు చూడండి.

తమ్ముడి విషయం. అమెరికాలో రాసిన జీపీఏ అయితే అక్కడ కాన్సులేట్ ధ్రువీకరణ గానీ అపోస్టిల్ గానీ ఉండాలి. ఇండియాకు వచ్చిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వ్యాలిడేట్ చేయించి ఉండాలి. అందులో "అమ్మడానికి" అన్న అధికారం స్పష్టంగా రాసి ఉందా? అద్దెకివ్వడానికి, బిల్లులు కట్టడానికి మాత్రమే ఇచ్చిన జీపీఏతో సేల్ డీడ్ చెల్లదు. ఓనరుతో నేరుగా వీడియో కాల్ మాట్లాడి, ధర, డబ్బు చేరాల్సిన అకౌంటు ఆయన నోట విని, అదే విషయం ఆయన ఈమెయిల్ నుంచి రాతలో తీసుకోండి. మనిషి చనిపోతే జీపీఏ ఆ రోజుతోనే చెల్లదు, రిజిస్ట్రేషన్ నాడు కూడా ఆయనతో మాట్లాడండి. జీపీఏ మీదే కొనేయమని ఎవరైనా అంటే వద్దు. జీపీఏతో టైటిల్ మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

పన్నుగడువు
టీడీఎస్ ఒక శాతం అన్నది పెద్ద పొరపాటు. మూల్యం మీ మీదే పడుతుంది. అమ్మేవాళ్లు ఇక్కడ నివాసి అయి, ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటేనే ఒక శాతం. ఎన్నారై అమ్మితే ఆ లెక్కే వేరు. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇల్లు కాబట్టి 12.5 శాతం, దానిపైన సర్‌ఛార్జీ, సెస్. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తేకపోతే లాభం మీద కాదు, మొత్తం 90 లక్షల మీద పట్టుకోవాలి. అంటే 12 లక్షలు దాటొచ్చు. మీరు 90,000 పట్టుకుని ఊరుకుంటే తక్కువైన సొమ్ము, దాని వడ్డీ శాఖ మీ దగ్గర వసూలు చేస్తుంది. అప్పటికి ఓనరు మీకు అందుబాటులో ఉండరు.

ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాల్సింది ఓనరే, వారాలు పడుతుంది. కాబట్టి ఇవాళే అడగండి. డబ్బు ఓనరు ఎన్‌ఆర్‌ఓ అకౌంట్లోకే (ఎన్నారైలకు ఇక్కడి ఆదాయం కోసం ఉండే బ్యాంకు ఖాతా) పోవాలి, తమ్ముడి అకౌంట్లోకి కాదు. ఆయన నివాస స్థితి ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి.

పుణె వైపు: ఆ ఫ్లాటు అమ్మిన దీర్ఘకాల లాభాన్ని కొత్త ఇంట్లో పెడితే, అమ్మిన తేదీకి ఏడాది ముందు గానీ రెండేళ్ల తర్వాత లోపు గానీ కొంటే మినహాయింపు ఉంది. కట్టుకుంటే మూడేళ్లు. రిటర్ను గడువు నాటికి ఇంకా కొనకపోతే ఆ లాభాన్ని క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీములో వేయాలి. మామూలు ఎఫ్‌డీలో పెడితే చెల్లదు. అద్దెకు దిగి నిదానంగా వెతకాలనుకునేవాళ్లకు ఈ తేదీ ప్రాణం. కాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

కొత్తకాపు
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. చెన్నై నుంచి మారుతున్నాం. ప్రీ-లాంచ్‌లో యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తాం, మార్కెట్ కన్నా ముప్పై శాతం తక్కువ, మొత్తం ముందే కట్టాలి అంటున్నారు. ఇంకోటి, ఇక్కడ ఇల్లు కొంటే పిల్లలకు కాలేజీ సీట్లలో లోకల్ హోదా వస్తుందని బ్రోకరు అంటున్నారు. నిజమేనా?

సెంటుభూమి
కట్టకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ ఎనిమిది దాటిన ఫ్లాట్లు గానీ ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. నంబరు వచ్చాక కూడా రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు. ఈ స్కీములో మీ పేరున వచ్చేది ఖాళీ భూమిలో కొన్ని గజాలు. పర్మిషన్ రాకపోతే వందలమంది ఉమ్మడి హక్కుదారుల్లో మీరొకరై మిగులుతారు. అమ్ముకోవడానికీ ఉండదు, పంచుకోవడానికీ ఉండదు. బ్యాంకు లోను ఇవ్వని దానికి మొత్తం ముందే ఎందుకు అడుగుతున్నారో ఆలోచించండి.

లోకల్ అన్నది ఇల్లు కొంటే రాదు. పిల్లలు ఎక్కడ చదివారన్నదే ప్రధానం. పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. పాప ఎనిమిదిలో ఉంటే ఎప్పుడు మారాలన్నది ఈ లెక్కతో చూసుకోండి. ఇల్లు తర్వాతైనా కొనొచ్చు.

వలసబాట
ఓనరుతో మాట్లాడాను. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తానన్నారు, ఎన్‌ఆర్‌ఓ అకౌంటు వివరాలు మెయిల్ చేశారు. మేం వచ్చే నెల రెండు ట్రిప్పులు వేస్తాం, జూలైలో అద్దెకే దిగుతాం. ఒకవేళ అగ్రిమెంటు దాకా వస్తే అందులో ఏం రాయించాలి?

కాగితంకట్ట
అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో ఇవి విడివిడి వాక్యాలుగా ఉండాలి. అడ్వాన్సు అంకె, ఏ అకౌంటు నుంచి ఏ అకౌంటుకు పోయింది. టైటిల్ మీద మీ లాయరు రాతలో అభ్యంతరం చెప్పినా, టైటిల్ కారణంగా బ్యాంకు లోను నిరాకరించినా అడ్వాన్సు మొత్తం పదిహేను రోజుల్లో వాపసు. ఈ రెండో కారణం విడిగా రాయకపోతే "లోను మీ సమస్య" అంటారు. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్ నాటికి రాకపోతే పూర్తి రేటు పట్టుకుంటారన్న ఒప్పుకోలు. సెల్లారులో పార్కింగ్ నంబరు, యూడీఎస్ గజాలు, నాలుగు హద్దులు. రిజిస్ట్రేషన్ తేదీ వరకు కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్, ఇంటిపన్ను అమ్మేవాళ్లవి.

గడువు 90 రోజులు పెట్టుకోండి. 45 రోజులకు ఒప్పుకుంటే ఎన్నారై సర్టిఫికెట్, లోను, మీ పుణె అమ్మకం, మూడూ ఒకేసారి మీద పడతాయి. ధరలో కొంత నగదు అడిగితే ఒప్పుకోకండి. ఆస్తి లావాదేవీలో 20,000, ఆపైన నగదు చట్టవిరుద్ధం. పైగా డీడ్‌లో తక్కువ చూపిన మొత్తం మీదే బ్యాంకు లోను లెక్కిస్తుంది.

రిజిస్ట్రేషన్ నాడు మీలో ఒకరు రాలేకపోతే, స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీని పుణెలో మీరుండే పరిధి సబ్‌రిజిస్ట్రార్ ముందే సంతకం పెట్టి ధ్రువీకరించుకుని తీసుకురండి, నోటరీది సరిపోదు. స్లాట్ బుక్ చేసేముందు డ్రాఫ్టులో ఫ్లాటు నంబరు, పీటీఐఎన్, ఇద్దరి పాన్, ఆధార్‌లో ఉన్న పేర్ల స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత రెక్టిఫికేషన్ డీడ్ కోసం ఓనరు మళ్లీ సంతకం పెట్టాలి. మీ ఓనరు అమెరికాలో ఉన్నారు.